అయిదో చోట పెట్టిన ఖమ్మం

మా అమ్మకు ఇడ్లీ పాత్రలు కావాలంటే ముందు కుక్కర్ల దగ్గరికి నడుస్తుంది. ఖమ్మంలో మేం సరుకు తెచ్చుకునే హోల్‌సేల్ దుకాణంలో చిన్నప్పటి నుంచీ నేను చూస్తున్న నాటకం ఇది. కుక్కరు మూత తీస్తుంది, రబ్బరు సాగదీసి చూస్తుంది, ధర అడుగుతుంది, విని ఎవరో పోయిన కబురు చెవిన పడ్డట్టు మొహం పెడుతుంది. తర్వాత గంగాళాలు. వాటికీ అదే మొహం. ఈమె ఇవ్వాళ ఏమీ కొనదని సేటు ఆశ వదిలేసుకున్నాక, గుమ్మం దాకా వచ్చి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, మూలనున్న ఇడ్లీ పాత్రను గడ్డంతో చూపించి, "గదెట్ల?" అంటుంది.

టేకులపల్లిలో మాది స్టీలు సామాన్ల దుకాణం. అమ్మ గల్లా దగ్గర కూర్చుంటుంది. నాన్న ట్రాలీ ఆటోలో గిన్నెలు, బిందెలు వేసుకుని అడవి ఊళ్ల వారపు అంగళ్లకు తిరుగుతాడు. ఆయనకు కోయభాషలో బేరం ఆడటం వచ్చు, మా ఇంట్లో తెలుగులో మాట్లాడే అవకాశం మాత్రం పెద్దగా దొరకదు. డిగ్రీ అయ్యాక నేను గల్లా పక్కన స్టూలెక్కాను. నచ్చినట్టు మొహంలో కనపడకూడదన్నది మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పే పాఠం. నేను ఎంత మంచి విద్యార్థినంటే, పెళ్లి భోజనంలో లడ్డూ కావాలంటే ముందు పెరుగు పచ్చడి అడిగేదాన్ని.

అలాంటి నాకు లా చదవాలన్న కోరిక ఒక టిఫిన్ డబ్బా వల్ల పుట్టింది. ఇల్లందు కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు సారు ఒకాయన ఆ డబ్బా కోసం వచ్చి నాతో బేరానికి దిగాడు. డబ్బాకు సొట్ట ఉందన్నాడు. ఆ సొట్ట మీ చేతిలో పడ్డాకే వచ్చిందన్నాను. సాక్షులెవరన్నాడు. బయట చెప్పులు విప్పుతున్న ఇద్దరు ఆడవాళ్లను పిలిచాను. చివరికి ఆయన పూర్తి ధర లెక్కపెడుతూ, "నువ్వు మా లైనుకు రావాలమ్మా" అన్నాడు. పొగిడితే తగ్గిస్తానేమోనని అలా అన్నాడని నాకు తెలుసు. తగ్గించలేదు. పొగడ్త మాత్రం ఉంచుకున్నాను.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయాలని తెలుసుకున్నాక, ఇంట్లో ఎలా చెప్పాలన్నది నాకు సమస్యే కాదు. కావాల్సినదాన్ని వద్దన్నట్టు చెప్పడమేగా.

"లాసెట్ అని ఒకటుందంటమ్మా. ఊరికే రాసి చూద్దామనుకుంటున్న."

"ఊరికేనా?"

"ఊరికే."

అమ్మ చెంచాలు తుడుస్తూనే ఉంది. "ఖమ్మంల వస్తే మీ మేనత్త ఇంట్ల ఉండి చదువుకో. ఆదివారాలొచ్చి గల్లాల కూసోవాలె. ఖమ్మం దాటితే మాత్రం నా దగ్గర ఆ మాట ఎత్తకు. దుకాణం నేనొక్కదాన్నే చూసుకోలేను."

"సరే, చూద్దాం తియ్యి," అన్నాను, నేనే ఏదో మేలు చేస్తున్నట్టు. తర్వాత వెనక గదిలోకి వెళ్లి బిందెల మధ్య నిలబడి చప్పుడు కాకుండా గెంతాను. ఒక బిందె పడింది. పిల్లి అని చెప్పాను.

పరీక్ష ఖమ్మంలో, కంప్యూటర్ మీద. జనరల్ నాలెడ్జి నన్ను నానా కష్టాలూ పెట్టింది. లా ప్రశ్నల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరో మా దుకాణం గురించే అడుగుతున్నట్టనిపించింది. షాపు అద్దంలో ధర వేసి పెట్టిన వస్తువును అమ్మకందారు ఇచ్చిన ఆఫర్ అనాలా, లేక కొనేవాళ్లను బేరానికి పిలవడం అనాలా అని ఒక ప్రశ్న. బేరానికి పిలవడమే అని కళ్లు మూసుకుని నొక్కాను. మా వీధిలో ధర చీటీ ఉన్న వస్తువుకు కూడా ధర ఉండదు. ఒక పక్షం ఆఫర్ ఇచ్చి, రెండో పక్షం ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఒప్పందం అయిపోయినట్టే అన్న మాట కూడా అక్కడే చదివాను. ఆ మాటను పరీక్ష హాల్లోనే వదిలేసి రాకుండా వెంట తెచ్చుకుని ఉంటే బాగుండేది.

ర్యాంకు వచ్చింది. గొప్పదీ కాదు, పారేసేదీ కాదు. ఇక అసలు పని మా దుకాణానికి ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌లో మొదలైంది. దాన్ని నడిపే అక్క ఊళ్లో సగం మంది ఆధార్ కార్డుల్లో ఫొటోలు మార్చిన మనిషి. ఓపికలో ఆమెకు సాటి లేదు. నా సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి ఎక్కించింది. అవతల అధికారులు అవి సరిచూశాక వెబ్ ఆప్షన్లు పెట్టాలని, అంటే మనకు ఏయే కాలేజీలు కావాలో వరసగా ఎంచుకోవాలని చెప్పింది.

"ఎక్కువ కావాల్సింది పైన పెట్టాలె చెల్లె. అది రాకపోతే దాని కిందిది చూస్తది. గంతే."

నేను ఆమె వంక జాలిగా చూశాను. పాపం, వ్యాపారం చేసిన కుటుంబం కాదు.

నా లెక్క నాకుంది. ఖమ్మం కాలేజీని పైన పెడితే, ఈ పిల్లకు ఇదే దిక్కని వాళ్లకు తెలిసిపోతుంది. అంత ఆత్రం చూపిస్తే ఎవరైనా ఇస్తారా? అందుకని పైన నాలుగు పెద్ద పెద్ద పేర్లు పెట్టాను. నా ర్యాంకుకు వాళ్లు ఎలాగూ ఇవ్వరు. మొదటిది లేదమ్మా అంటారు, రెండోది లేదమ్మా అంటారు, అలా మెట్టు మెట్టుగా దిగొచ్చి, అయ్యో పాపం ఇన్ని కాదన్నామే అని, చివరికి అయిదోదైన ఖమ్మాన్ని చేతిలో పెడతారు. నేనేమో, సరే ఇంకేం చేస్తాం అన్నట్టు తీసుకుంటాను.

అక్క మౌస్ మీద చెయ్యి ఆపింది. "ఇదే ఆర్డరా?"

"అవ్ అక్కా, ఇదే."

"ఖమ్మం అయిదోదా? నీకు ఖమ్మమే గద కావాల్సింది?"

"అది వాళ్లకు తెల్వొద్దు."

"ఎవరికి?"

"సీట్లిచ్చేటోళ్లకు."

అక్క స్క్రీన్ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. "దీని ఎనక ఎవరు లేరు చెల్లె. గది మిషిన్."

"గల్లా ఉన్నకాడ మనిషి ఉంటడక్కా," అన్నాను, ధీమాగా. ఆమె నిట్టూర్చి సేవ్ బటన్ నొక్కింది. తిరిగి రోడ్డు దాటుతుంటే, ప్రభుత్వంతోనే బేరమాడి వచ్చినదాన్ననుకుని నడకలో కొంచెం వయ్యారం కూడా వచ్చింది.

సీట్ల కేటాయింపు మధ్యాహ్నం పూట వచ్చింది. దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే బిందెను చెరొకవైపు పట్టుకుని చూస్తున్నారు. అక్క సెంటర్ వదిలేసి, ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది.

"సీటొచ్చింది చెల్లె. మొదటి ఆప్షనే ఇచ్చిండ్రు."

బిందె పట్టుకున్న ఇద్దరిలో ఒకావిడ వెంటనే, "మొదటిదే వచ్చిందా? రాసి పెట్టుండాలె" అంది. రెండో ఆమె నా బుగ్గలు పుణికింది. ఆ సంబరంలో ఎవరూ నా మొహం చూడలేదు. చూసిన ఒకే ఒక్క మనిషి గల్లా దగ్గరుంది.

"ఖమ్మమేనా?" అంది అమ్మ.

"గాదు. హైదరాబాద్ అవతల యాడనో."

పేరు ఘనంగా ఉంది కదా అని పైన పెట్టిన కాలేజీ అది. తళతళ మెరిసిందని పలచటి గిన్నె కొన్నట్టు కొన్నాను. తీరా చూస్తే దాన్ని నాకంటే మంచి ర్యాంకు వాళ్లెవరూ అడగనే లేదట.

"మరి గా కాలేజీ నువ్వే అడిగినవా?"

"అవ్."

"ఎందుకడిగినవ్?"

"ఇయ్యరని."

పాతికేళ్లుగా కుక్కర్లు వాసన చూసి ఇడ్లీ పాత్రలు కొన్న మనిషికి నేను ఏం చేశానో విడమరిచి చెప్పక్కర్లేదు. "నేను నేర్పింది మనుషుల కాడ బిడ్డా," అంది అమ్మ. "మిషిన్ కాడ గాదు."

బిందె ఆవిడలు బిందె కింద పెట్టి వినసాగారు.

సాయంత్రం ఖమ్మం నుంచి మేనత్త ఫోన్ చేసింది. ఆమెకు అక్కడ గాజుల దుకాణం. సంగతి విని ఎంత నవ్విందంటే, మధ్యలో ఫోన్ ఎవరికో ఇచ్చి వెళ్లిపోయింది. ఫోన్ పట్టుకున్న కొనుగోలుదారు ఎవరో, "ఏమైందండీ?" అని నన్నే అడిగింది. తిరిగొచ్చి అత్త చెప్పిన మాట మాత్రం పనికొచ్చేది. "ఇంకో విడత ఉంటదంటనే. మా కాడ గాజులు కొనే లా పిల్లలు చెప్పిండ్రు. మిగిలిన సీట్లకు మళ్ల ఆప్షన్లు పెట్టుకోవచ్చంట."

ఇంటర్నెట్ సెంటర్ అక్కను అడిగితే నిజమేనంది. "కానీ ఖమ్మంల సీట్లు మిగుల్తయో లేదో చెప్పలేం చెల్లె. మొదటి విడతల పైన పెట్టుంటే నీ ర్యాంకుకు వచ్చేదే."

రెండో విడతకూ ఆప్షన్లు పెట్టాలంటే ముందు అమ్మతో మాట్లాడాలి. ఆ రోజు అమ్మ ఎలా అడిగిందో ఇప్పటికీ గుర్తుంది. గల్లా మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టి, "నిజం చెప్పు. నీకు గా చదువు ఊరికేనా, కావాలెనా?" అంది.

ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డానో చెప్తే నవ్వుతారు. నడిబజార్లో కొంగు జారినంత పనైంది. "కావాలెనమ్మా," అన్నాను. "శాన కావాలె."

"మరి పోయి పెట్టు," అంది అమ్మ. అంతే.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. అవతలివాళ్లు ఒక్కమాటకే ఒప్పుకున్నారంటే మనం తక్కువ అడిగామన్నమాట. "మరి ఆదివారాలు గల్లాల..." అని మొదలుపెట్టాను.

"గది వేరే," అంది అమ్మ, గల్లా మళ్లీ తెరుస్తూ.

రెండో విడతలో ఖమ్మాన్ని పైన పెట్టించాను. దాని కింద ఏమీ పెట్టించలేదు. "ఇంకోటి పెట్టు, ఊరికే," అంది అక్క. ఊరికే అన్న మాట వినగానే మౌస్ మీదున్న ఆమె చేతిని పట్టుకుని ఆపాను. వద్దన్నాను. స్క్రీన్ మీద ఆ ఒక్క పేరు, నా కోరిక, ఏ మూతా లేకుండా ఉంది. ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు చూశాను. గేదె ఒకటి వెళ్తోంది.

ఫలితం వచ్చేలోగా నేను దుకాణానికి చేసిన నష్టం మా కుటుంబ చరిత్రలో లేదు. బేరం మొదలుకాక ముందే ధర తగ్గించాను. గిన్నె కొన్నవాళ్లకు అడక్కుండానే చెంచా ఇచ్చాను. ఒక పెద్దాయన కంచం కొనకుండా వెళ్తుంటే వెనక్కి పిలిచి, "ఆశీర్వదించు తాతా" అన్నాను. ఆయన ఆశీర్వదించి గ్లాసు అడిగాడు. ఇచ్చాను.

"గీ పిల్లను జల్దీ కాలేజీల తోలకపోతే మనం గిన్నెలు కడుక్కొని బతకాలె," అంది అమ్మ నాన్నతో. నాన్న చాలాకాలం తర్వాత ఒక వాక్యం మాట్లాడాడు: "తోలుదాం."

ఒక పొద్దున అక్క రోడ్డు దాటి వచ్చి మా స్టూలు మీద తీరిగ్గా కూర్చుంది. "టీ తెప్పించు, చెప్త."

"ముందు చెప్పక్కా."

"టీ."

అక్క మా ఇంట్లో పుట్టలేదు కనుక ఆమె మొహంలో అంతా కనపడిపోతోంది. ఖమ్మం. కనుబొమల్లో ఖమ్మం, పెదాల చివర ఖమ్మం. నేను టీ చెప్పడానికి లేచి, చెప్పకుండానే మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాను. అమ్మ గల్లాలోంచి చిల్లర తీసి నా చేతిలో పెట్టి, "రెండు చెప్పు," అంది. తర్వాత, "మూడు. నాగ్గూడ," అంది. ఆమె పొద్దున పూట టీ తాగదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఖమ్మం వెళ్లి కాలేజీలో రిపోర్టు చేశాను. గుమాస్తా ఏం అడిగితే అది బేరం లేకుండా ఇచ్చేశాను. ఆ సాయంత్రం మేనత్త నన్ను నల్లకోటు కొనడానికి బట్టల దుకాణానికి తీసుకెళ్లింది. మెట్ల దగ్గర ఆపి ఎలా నడుచుకోవాలో చెప్పింది. "ముందు టవల్లు చూద్దాం. తర్వాత దుప్పట్లు. కోటు మాట నేను ఎత్తేదాక నువ్వెత్తకు. అర్థమైందా?"

అర్థమైంది. టవల్లు చూశాం. దుప్పట్లు చూశాం. అత్త ఒక దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుని ఎవరో పోయిన మొహం పెట్టింది. దుకాణదారు ఆమెను చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. నేనేమో గోడ మీద హేంగరుకు వేలాడుతున్న నల్లకోటును చూస్తున్నాను.

"లా కాలేజీల సీటొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"అవ్ అన్నా," అన్నాను, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వుతూ.

ఆయన కోటు దింపి ధర చెప్పాడు. అత్త నా జబ్బ గిల్లింది. నేను పర్సు తెరిచాను.

ఖమ్మం ఎండలో, ఆటోలో, ఆ కోటు తొడుక్కునే కూర్చున్నాను. అత్త దారి పొడుగునా తిడుతూనే ఉంది. "మా వదినె నీకు ఏం నేర్పిందే? గా మొకం ఏంది? కావాలె అని మొకం మీద బోర్డు పెట్టినట్టే ఉంది." ఇంతలో అమ్మ ఫోన్ చేసింది.

"కోటు కొన్నరా? ఎంతకిచ్చిండు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల బిందెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"మంచిగుందా?" అంది.

"శాన మంచిగుందమ్మా."

"సరే తియ్యి," అంది. "గుండీలన్న పైన రెండు అడిగినవా, ఊడితే కుట్టుకునేటందుకు?"

అడగలేదు. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను చూస్తుంటే, అత్త తిట్లు ఆపకుండానే తన సంచి తెరిచి, ఆ బట్టల దుకాణం పేరున్న కాయితం పొట్లంలోంచి రెండు నల్ల గుండీలు తీసి నా ఒళ్లో పడేసింది.