ఆ సైదులు నేనే

నా సంగతి ఈపాటికి సైదులు నోటి నుంచి వినే ఉంటారు. వాడు చెప్పినదాంట్లో సగం అబద్ధం. నిజమైన సగం అంతకంటే అధ్వానం. దాన్ని వాడి చేతిలో పెట్టడం ఇష్టం లేక నేనే చెబుతున్నా. టీ చల్లారకముందే వినండి. నవ్వాలనిపిస్తే నవ్వండి, కానీ మీ ఇళ్ళ సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి, గుర్తుంచుకోండి.

సీజన్‌లో వరికోత మిషన్ నడపడానికి కర్ణాటక పోతాను కదా. మొన్న పోయినప్పుడు అక్కడ ఒక తప్పు చేశాను. ఏం తప్పని అడగకండి, మీకు అర్థమయింది. తిరిగొచ్చిన వారానికి మూత్రానికి పోతే మంట. మంటంటే, పచ్చిమిరపకాయలు తుంచిన చేత్తో కన్ను నలుపుకున్నట్టు! సూర్యాపేటలో డాక్టరుకు చూపించుకున్నా. పరీక్షలు చేయించి సుఖవ్యాధి అన్నాడు. సూది వేసి, రెండు పొట్లాల గోలీలు చేతిలో పెట్టాడు.

"ఇది నీకు, ఇది నీ భార్యకు. ఇద్దరు ఏడు రోజులు మింగాలె. అయిపోయేదాంక దూరంగ ఉండాలె. ఆమెకు నిజం చెప్పి ఒకసారి తోలుకరా."

"చెప్త సార్," అన్నా.

చెప్పలేదు. ఊళ్ళో ఎవడింట్లో ఏం ఉడుకుతుందో చెప్పే నోరు, మా ఇంట్లో మాత్రం పడిపోయింది. నా భార్య సునీతకు పొట్లం ఇచ్చి, "బలం గోలీలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి," అన్నా. ఆమె మారుమాట్లాడకుండా తీసుకుంది. నాది నేను మింగాను. మంట పోయింది. డాక్టరు దేవుడనుకున్నా.

నెల తిరగకుండానే మళ్ళీ మొదలు! చుక్కా చుక్కా రావడం, మళ్ళీ పోవాలనిపించడం. బస్సెక్కాలంటే భయం. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు కంటే ముందు బాత్‌రూమ్ ఎక్కడుందో చూసుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. పత్తి విత్తనాల్లాగే గోలీలు కూడా నకిలీవి అంటగట్టాడని డాక్టరును దారి పొడవునా తిట్టాను. సూర్యాపేట బస్టాండులో అడుగడుక్కీ మన ఊరోళ్ళే తగులుతారని, ఈసారి మిర్యాలగూడ పోయాను. ముఖానికి తువాల చుట్టుకుని మరీ!

కౌంటర్లో అమ్మాయి పేరడిగింది. నాగయ్య అని చెబుతానా? "సైదులు," అన్నా. మన దిక్కు కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఒక సైదులుకు తగులుతుంది. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన ప్రతివాడూ సైదులే. ఇంతమందిలో నన్నెవడు పట్టుకుంటాడు? నా తెలివికి నేనే మురిసిపోయా. ఊరు అడిగితే మాత్రం అలవాటుకొద్దీ "పెన్‌పహాడ్" అని నిజమే వచ్చేసింది.

మూత్రం పరీక్షకిచ్చి హాల్లో మూలన తల దించుకుని కూర్చున్నా. రెండు గంటలకు కాంపౌండర్ బయటికొచ్చి "సైదులు!" అని కేకేశాడు.

నలుగురు లేచారు. నేను మాత్రం లేవలేదు. అది నా పేరని మర్చిపోయా!

"పెన్‌పహాడ్ సైదులు!"

ముగ్గురు కూర్చున్నారు. ఒకడు నిలబడే ఉన్నాడు. చూద్దును కదా, మన సైదులు! వరసకు నా బామ్మర్ది. పోయినేడు వాడికి మొలలొస్తే, ఇదే హోటల్లో "వానికి కుర్చీ వెయ్యకుండ్రి, నిలవడే తాగుతడు" అని మూడు నెలలు మిమ్మల్ని నవ్వించింది నేనే. వాడి పక్కన వాడి భార్య లక్ష్మి.

కాంపౌండర్‌కు సిగ్గూ లేదు, గొంతు తగ్గించడమూ రాదు. "నువ్వేనా? సుఖవ్యాధికి మందు వాడినంక గూడ మూత్రం మంట పోతలేదన్నవ్ కద! రిపోర్టొచ్చింది, లోపలికి రా!"

హాల్లో తలలన్నీ సైదులు వైపు తిరిగాయి.

"నాకా? నాకెందుకుంటది? నేను షుగర్ సూపించుకోనీకి వచ్చిన!" అన్నాడు సైదులు.

"షుగరా?" లక్ష్మి లేచింది. చేతిలో టిఫిన్ బాక్సు ఉన్న సంచి. "షుగరని సెప్పి దీనికి తోలుకొచ్చినవా నన్ను? అందుకేనా మాటిమాటికి మూత్రానికి లేస్తున్నవ్?"

"అది షుగరేనే లచ్చిమీ!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. నేను తువాల ఇంకాస్త పైకి లాక్కున్నా. నిజం చెబుతున్నా, ఒక్క నిమిషం హాయిగా కూడా అనిపించింది. రెండో దెబ్బ వీపు మీద. అప్పుడు లక్ష్మి చేయి ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, "ఇగ నేను మా అమ్మగారింటికి పోత. పిల్లల్ని గూడ తీస్కపోత," అని ఏడ్చింది.

ఎంత దొంగవాడినైనా, ఆ ఏడుపు విని కూర్చోలేకపోయాను. లేచి తువాల తీశాను.

"కొట్టకు చెల్లె. ఆ సైదులు నేనే."

లక్ష్మి ఎగాదిగా చూసింది. "నువ్వు నాగయ్యన్నవు గద!"

"ఇయ్యాల సైదుల్ని."

సైదులు వీపు రుద్దుకుంటూ నన్ను చూసిన చూపు ఉందే, మూడు నెలల మొలల బాకీ అక్కడే తీరిపోయింది.

లోపల డాక్టరు ఒకటే ప్రశ్న అడిగాడు. "నీ భార్య గోలీలు మింగిందా?"

"మింగింది సార్. నేనే ఇచ్చిన."

"మింగంగ సూసినవా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె మింగకపోతే ఆమె నుంచి మళ్ళీ నీకే వస్తుంది, నీ ఒక్కడికి ఎంత మందు పోసినా దండగే అన్నాడు.

నేను బస్సు దిగేసరికి వార్త ఎప్పుడో దిగింది. సునీత గడపలో నిలబడి ఉంది. ఆమెది కోదాడ. మామూలుగా నన్ను నువ్వు అంటుంది. మీరు అందంటే ఇంట్లో కొడవలి ఎక్కడుందో చూసుకోవాలి.

"రండి. మీరు నాగయ్యా, సైదులా?"

సిగ్గులేని కోపం ఎట్లా ఉంటుందో చూడండి. నేనే ఎదురు అరిచాను! "ముందుగాల ఇది చెప్పు. ఆ గోలీలు మింగినవా, లేదా?"

"బలం గోలీలు నాకెందుకు? అత్తయ్య నీరసం నీరసం అంటుంటే ఆవిడకిచ్చాను. ఏడు రోజులూ దగ్గరుండి మింగించాను."

డాక్టరును తిట్టాను, కాంపౌండర్‌ను తిట్టాను, గోలీలు చేసినవాణ్ణి కూడా తిట్టాను. ఇప్పుడు తిట్టడానికి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

ఆమె అరవలేదు. "నెల నుంచి పొత్తికడుపులో నొప్పి. పత్తి ఏరి ఏరి నడుము పట్టిందనుకున్నాను," అంది మెల్లగా. తర్వాత, "మీరు చేసిన తప్పు ఒకటి. దాన్ని బలమని చెప్పి నాకివ్వడం ఇంకోటి. మొదటిది మా నాన్నకు చెప్తాను. రెండోది నేనే చూసుకుంటాను," అని లోపలికి పోయింది.

మర్నాడు కోదాడలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కౌంటర్లో పేరడిగారు. నేను నోరు తెరిచేలోపే సునీత అందుకుంది.

"నాగయ్య. పెన్‌పహాడ్. సైదులు కాదు, సరిగ్గా రాసుకోండి. జబ్బేంటో ఆయనే చెప్తారు. గట్టిగా చెప్పండి, వాళ్ళకు వినపడాలి!"

చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఇద్దరికీ రక్తం పరీక్షలూ అయ్యాయి. వేరే జబ్బులేమీ లేవు. సునీతకు సమయానికే పట్టుకున్నామంది డాక్టరమ్మ. మందు అయిపోయాక కూడా కొన్నాళ్ళు కొంచెం మంట ఉండొచ్చట. భయపడి సొంతంగా గోలీలు కొనుక్కోవద్దు, తగ్గకపోతే మళ్ళీ రమ్మంది. సునీత పూటపూటకూ గోలీ నా చేతిలో వేసి, మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తోంది. ఆమె నొప్పి తగ్గింది. నా మంట కూడా తగ్గుతోంది. ఆమె మాత్రం ఇంకా మీరు అనే అంటోంది.

నిన్న ఇదే బెంచీ మీద కూర్చుని ఉన్నా. మా అమ్మ రోడ్డు మీద నుంచి, అందరూ వింటుండగా కేకేసింది.

"నాగా! ఆ బలం గోలీలు ఇంకో పొట్లం తేరాదుర! ఎన్నడు పోని దగ్గు పోయింది!"

సైదులు టీ గ్లాసు కింద పెట్టాడు. నేను అప్పుడు వాడి మీద మిమ్మల్ని నవ్వించినంత నిదానంగా అన్నాడు.

"పోయి తేరాదు బావ. కౌంటర్ల పేరడిగితే ఫికర్ జెయ్యకు. నాదే చెప్పు."