సీసం, సీసా

మా బావ చెయ్యి పడితే చచ్చిన బ్యాటరీ కూడా లేచి కూర్చుంటుందని వీధిలో పేరు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. బాగుపడని బ్యాటరీ మూత కోసి, లోపలి ప్లేట్లు ఊడబెరికి, పెరట్లో ఇనప మూకుడులో కరిగించి కడ్డీలు పోసేవాడు. ఎదురుగా నాది దర్జీ కొట్టు. యాసిడ్ పడి చిల్లులైన ఆయన ప్యాంట్లకు మాసికలు వేసీ వేసీ నా కళ్ళు పోయాయి. "బావా, గుడ్డ తక్కువ, చిల్లులెక్కువ" అంటే, "గాలాడాలి కదరా" అని నవ్వేవాడు.

బావకీ మా అక్కకీ లేక లేక ఒక కూతురు పుట్టింది. వసపిట్ట అనేవాళ్ళం. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. నా టేపు లాక్కుని అంకెలు పైకి చదివేది, నేను కావాలని తప్పు చదివితే "మావయ్యా, నీకు చదువు రాదు" అని తిట్టేది. సాయంత్రం షట్టర్ దిగిన చప్పుడు వినిపిస్తే చాలు, పరుగెత్తి వాళ్ళ నాన్న చొక్కాలో మొహం దాచుకునేది. ఆయన చేతులు కడుక్కునేదాకా ఆగేది కాదు. అది నాన్న వాసనట.

ఆరో ఏట దానికి కడుపునొప్పి పట్టుకుంది. మొహం పాలిపోయింది. వీధి చివర డాక్టరు కంటి కింద చర్మం లాగి చూసి, "రక్తం తక్కువ. ఆకుకూరలు బాగా పెట్టండి" అన్నాడు. మా అక్క ఒక మాట చెవిన పడితే వదిలే మనిషి కాదు. బజారు కూర మురుగునీళ్ళతో పెంచుతారని ఆమె భయం. షాపులో ఖాళీ బ్యాటరీ డబ్బాలకు కొదవ లేదు. వాటిని రెండేసి సార్లు కడిగి, పెరటి మట్టి నింపి, మూకుడు పక్కన గోడ వారగా పెట్టి విత్తనాలు చల్లింది. కూర ఏపుగా వచ్చింది. మందు కొట్టని కూర అని నాలుగిళ్ళలో నేనే చెప్పాను. నా నోరు పడిపోను.

"తిను తల్లీ, బలం."

"చేదే."

"బలం అట్లాగే ఉంటుంది. తిను."

రెండు పూటలా ఇదే పాట. బలం మాత్రం రాలేదు. బడిలో అంకెలు మర్చిపోతోందని టీచరు కబురు చేసింది. పుట్టినరోజు గౌనుకి కొలత తీస్తే, టేపు పోయినేటి అంకె దగ్గరే ఆగింది. నా చెయ్యి తప్పిందనుకుని మళ్ళీ కొలిచాను. అది నా చేతిలో టేపు లాక్కోలేదు. అప్పుడు భయం వేసింది.

పెద్దాసుపత్రిలో రక్తం తీసుకున్నారు. వారానికి ఫోనొస్తే అక్క ఎత్తింది. అవతల ఒకమ్మాయి హడావిడిగా, "పాప రక్తంలో సీసం ఎక్కువుందమ్మా. ఇంట్లో సీసం తగలకుండా చూసుకోండి. మూడు నెలలకి డాక్టరుగారు చూస్తారు" అని పెట్టేసింది.

సీసం అన్న మాట మా ఇళ్ళలో ఎవరి నోటా రాదు. బావకి అది లెడ్డు. ముప్పయ్యేళ్ళుగా కొన్నా, కరిగించినా, అమ్మినా లెడ్డే. అక్కకి తెలిసింది సీసా.

"గాజుపెంకేమైనా మింగిందేమోరా?" అంది నాతో.

"అయ్యుండచ్చక్కా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆ పూటే ఇంట్లో సీసాలన్నీ పోగేసి పారేశాం. నూనె సీసా, తేనె సీసా, మందు సీసాలు. బావ తన సెంటు సీసా కూడా తెచ్చి బుట్టలో వేశాడు. పాలు స్టీలు గ్లాసులోకి మారాయి. ఆకుకూర మూడు పూటలైంది. ఆ మూడు నెలలు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గడువుకి పెద్దాసుపత్రికి వెళితే, డాక్టరమ్మ పిల్లకన్నా ముందు బావ గోళ్ళలో నలుపు చూసింది.

"ఏం పని చేస్తారు?"

"బ్యాటరీలండి."

"సీసం పని ఇంట్లోనే పెట్టుకున్నారా? జాగ్రత్త చెప్పలేదా మీకు?"

"సీసాలన్నీ పారేశామండి" అంది అక్క.

"సీసాలు కాదమ్మా, సీసం. బ్యాటరీ లోపల ప్లేట్లుంటాయే, అది."

"అది లెడ్డు కదండీ" అన్నాడు బావ. అన్నాక తెరిచిన నోరు మూయలేదు.

అక్క, "మరి కూరండీ?" అంది. ఏ కూరని డాక్టరమ్మ అడిగింది. అక్క అన్నీ చెప్పింది, ఏ మట్టిలో వేసిందో, ఏ డబ్బాల్లో పెంచిందో, ఎన్ని పూటలు పెట్టిందో. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"రక్తంలోది మెల్లగా దిగుతుంది. మందిస్తాను. బుర్రకి జరిగిన నష్టం మాత్రం పూడుతుందని మాటివ్వలేను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని లోకం అంటుంది. మా అక్క ఆకులు పట్టుకునే కాల్చుకుంది. ఆ రోజే మొక్కలన్నీ పీకేసింది. మట్టి బస్తాలకెత్తింది గానీ, ఎక్కడ పొయ్యాలో తెలియలేదు. చెత్తబండివాడు ముట్టనన్నాడు. ఊరవతల పారబోసి వస్తానన్నాను. "అక్కడ మాత్రం పిల్లలుండరట్రా?" అంది. బస్తాలు మెట్ల కింద ఉండిపోయాయి. బావ షాపు మూసేశాడు. వేరే ఇల్లు వెతుకుతున్నాం. ఆయన రోజంతా మెట్ల మీద కూర్చుంటున్నాడు, తన చేతులు చూసుకుంటూ. పిల్ల పక్కనే కూర్చుంటుంది. మందు వేస్తున్నాం. దానికి మాట తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు అసలు రావడం లేదు.

మొన్న వానలకి ఒక బస్తా చిరుగులోంచి మొలకలొచ్చాయి. ఎవరం చూడలేదు. నేను వాళ్ళ గుమ్మంలో కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. పిల్ల మెట్ల కింద నుంచి గుప్పెడు ఆకులు తెంపుకొచ్చి, వాళ్ళ నాన్న ముందు నిలబడి, ఆయన పెదాలకి ఆనించింది.

"తిను. బలం."

అది మాట్లాడి పదకొండు రోజులైంది. బావ నోరు తెరిచాడు.