కాబోయే మామ చేతికి తువ్వాలు

పెళ్ళిచూపులకు వెళ్ళినవాడు పిల్లను చూసి రావాలి. నేను పిల్ల తండ్రిని ట్రాక్టర్‌లో దవాఖానాకు తరలించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే పక్కవాడి చెయ్యి పోయే కాలం వచ్చింది. ఎట్లాగో చెబుతాను, వినండి.

ఎనభైల నాటి మాట. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆగింది కాలేజీయే గానీ చదువు కాదు. తల్లాడ లైబ్రరీలో ఎవరో దానం చేసిన, మెడిసిన్ పిల్లలు చదివే ఇటుకంత పుస్తకం ఒకటుండేది. అందులో గుండె, రక్తనాళాల భాగం చదివాక నాకు నిద్ర పట్టలేదు. పిడికిలంత కండ, కరెంటు కోత లేని మోటారులా ఒళ్ళంతా నెత్తురు తోడి పోస్తుందట. మనం నరాలంటామే, ఆ సిరల లోపల చిన్న చిన్న తలుపులట. గుండె వైపే తెరుచుకుంటాయి, వెనక్కి చుక్క రానివ్వవు. ఇంత సంబరం చర్మం కింద జరుగుతుంటే జనం పొగాకు ధర గురించి ఎట్లా మాట్లాడగలరో నాకర్థమయ్యేది కాదు.

ఆ ఊపులో ఉండగానే పెనుబల్లి అవతల, అడవి అంచు ఊళ్ళో సంబంధం వచ్చింది. మేనమామను వెంటబెట్టుకుని వెళ్ళాను. పిల్ల పేరు పద్మ. తలెత్తి ఒక్కసారి చూసింది. నా గుండె పుస్తకంలో లేని చప్పుడు చేసింది. చేసుకుంటే ఈ పిల్లనే అనుకున్నాను. అడ్డమల్లా వాళ్ళ నాన్న వెంకట్రామయ్య గారు. ఆయనకు డిగ్రీ అల్లుడు కావాలి.

"ఏం చదివినవు బాబూ?"

"ఇంటర్ అండి. కానీ లైబ్రరీలో డాక్టర్ల చదువు చదువుతున్నాను."

"లైబ్రరీల కూసుంటే డాక్టరైతరా? గట్లయితే బస్టాండ్ల కూసున్నోళ్ళంత డ్రైవర్లు గావాలె గద."

లోపలి నుంచి కిసుక్కున నవ్వు. పద్మదే. నాకు పౌరుషం తన్నుకొచ్చింది.

"మీ చెయ్యి ఇటివ్వండి, చూపిస్తాను."

ఆయన భుజం మీది తువ్వాలే తీసి మోచేతి పైన బిగించాను. సిరలు గట్టు మీది దోసతీగల్లా ఉబ్బాయి. "ఈ బుడిపెలే తలుపులు. ఇక్కడ వేలుతో నొక్కి పైకి తుడిస్తే నరం ఖాళీ. ఇక పైనుంచి నెత్తురు కిందికి రాదు, చూడండి."

"అవ్ బాబూ. వస్తలేదు." ఆయన నోట్లో బూరె కుక్కుకుని, తనే మళ్ళీ మళ్ళీ తుడిచి చూసుకుంటున్నారు. సంబంధం ఖాయమైనట్టే అని నేను గాల్లో తేలుతున్నాను.

అప్పుడొచ్చింది ఆయన అక్క రంగమ్మ, కొట్టం నుంచి పేడగంపతో. తమ్ముడి చేతికి బిగించిన తువ్వాలు చూసింది. గంప వదిలేసింది. అడవి అంచు ఊళ్ళల్లో చేతికి కట్టు కట్టారంటే ఒకటే అర్థం.

"నా తమ్మునికి పురుగు ముట్టిందిరో." అక్కడ పామును పేరు పెట్టి అనరు.

"పామూ లేదు, ఏమీ లేదమ్మా" అన్నాను.

ఇక్కడే మునిగాను. పాము కరిచిందని కరిపించుకున్నవాడికి చెప్పకూడదు, గుండె జారిపోతుంది. అందుకని అందరూ 'ఏం లేదు' అనే అంటారు. నా నిజం వాళ్ళ అలవాటు అబద్ధంతో అక్షరం పొల్లు పోకుండా కలిసింది.

"తెలివిగల్ల పిల్లగాడు. గట్లనే ధైర్యం చెప్పాలె" అని నన్ను మెచ్చుకుంది.

ఊరు కమ్ముకుంది. తాడును చూసి పామనుకున్నవాళ్ళ గురించి విన్నాం. తువ్వాలును చూసి పామనుకున్నది ఆ ఊరొక్కటే. చివరికి వెంకట్రామయ్య గారికే అనుమానం వచ్చింది.

"బాబూ, నిజం చెప్పు. పొద్దుగాల మిరపతోటల నా కాలికేదో గీసుకుంది."

"కాలికైతే చేతికెందుకు కడతానండీ?"

"అదే, నాకు తెల్వనిస్తలేవు."

ఎవరో వేపాకు నమిలించారు. నోటినిండా బూరె తీపి. "చేదు తెలుస్తలేదక్కా" అన్నారాయన. అంతే, విషం ఎక్కిందని ఊరంతా తేల్చేసింది.

నేను ముడి మీద చెయ్యి వేశాను. ఆయనే ఆపారు. "ఇప్పొద్దు. తలుపులన్ని గుండె దిక్కే తెరుసుకుంటయని నువ్వే చెప్తివి గద. ఇప్పితే విషం సీదా గుండెకే పోతది." నా పాఠం అంత బాగా ఒంటబట్టింది. ఇంకొకడు ఎద్దు పగ్గం తెచ్చి తువ్వాలు మీద ఇంకో కట్టు బిగించాడు.

ట్రాక్టర్ కదిలింది. చెయ్యి నేరేడుపండు రంగుకు తిరిగింది. నెత్తురు అందని వేళ్ళ గతేమిటో పుస్తకంలో చదివినవాణ్ణి, నా ప్రాణం నాలో లేదు. మణికట్టు పట్టుకుని నాడి వెతుకుతూ కూర్చున్నాను. చాటుగా ముడి వదులు చేయబోతే రంగమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

దవాఖానాలో డాక్టరు గారు ముందు కట్లు కోసేశారు. "కాటు ఎక్కడ? పామును ఎవరు చూశారు?" అందరూ రంగమ్మను చూశారు. రంగమ్మ నన్ను చూసింది. చెప్పక తప్పింది కాదు.

ఆయన చెయ్యి తిప్పి చూశారు. "ఈయన్ని కరిచింది తువ్వాలే. గాట్లు కూడా ఉన్నాయి."

చేతిలోకి మెల్లగా ఎరుపు తిరిగొస్తోంది. "అదిగో, ధమనులు" అనబోయాను. మా మేనమామ నా డొక్కలో పొడిచి, "పా, బస్సెక్కుదం" అన్నాడు.

"ఆగుండ్రి" అన్నారు వెంకట్రామయ్య గారు, చెయ్యి రుద్దుకుంటూ. "దారి పొడుగూత నా చెయ్యి ఇడిసిపెట్టలె ఈ పోరడు. డిగ్రీ ఉన్నోడైతే ట్రాక్టర్ ఎనక నుంచి దుంకి ఉరికేటోడు. పిల్లనిస్త."

నేను పట్టుకున్నది నాడి కోసమని చెప్పలేదు. ఆ రోజు నిజం చెప్పి బాగుపడిందేముంది?

పెళ్ళి పీటల మీద, తాళి ముడి వేయడానికి వంగాను. వెనక నుంచి మామగారి గొంతు: "అల్లుడా, జర వదులుగ కట్టు."

అగ్నిసాక్షిగా అక్కడే ఒట్టేశాను. ఎంత గొప్ప విషయం చదివినా సరే, ఇంకొకరి ఒంటి మీద చూపించను. నా ఒంటి మీదే చూపించుకోవాలన్నా పద్మనడిగి చూపించుకుంటాను. ఆ ఒట్టు తప్పే వీలు కూడా లేదు. మా ఇంట్లో తువ్వాళ్ళు బీరువాలో ఉంటాయి, తాళం ఆమె దగ్గరుంటుంది.