కందకం అవతలి లువాన్యి

కంపాలా ఇళ్లు ఎగబాకుతున్న గుట్ట వాలున నమ్యాలో అనే ఆవిడకు అరెకరం నేల ఉంది. ఎగువ ఇళ్ల చూరునీళ్లన్నీ ఆమె అరటితోట మీదికే దూకేవి. ఎనిమిదేళ్ల కిందట ఆమె నీటి నడకను బట్టి తోటను తిరగదిద్దింది: పైహద్దు వెంట మోకాలిలోతు కందకం, దాని దిగువగట్టు మీద పశుగ్రాసం, ఆ కింద అరటి, అరటి నీడన కాఫీ. కందకానికి అడ్డొచ్చాయని, అత్తింటివారు హద్దుకు నాటిన లువాన్యి మొక్కలను నరికి, ఆ కొమ్మలనే దిగువగట్టున గుచ్చింది. ఆ సీమలో లువాన్యి నిలిచినచోటే హద్దు. సాక్షులు లేకుండా దాన్ని కదిలించడమంటే నేలను చేజేతులా వదులుకోవడమే. ఆ సంగతి ఆమెకు తట్టనేలేదు.

ఎగువ నేల కొన్న లుబూల్వా ఇటుకలు దింపాడు.

"కందకం నాదమ్మా. పూడ్చి గోడ కడతా. మీ లువాన్యే చెబుతోందిగా!"

"పూడిస్తే మొదటి వానకే నా తోట మట్టంతా నీళ్లతో రోడ్డెక్కుతుందయ్యా."

"అయితే చేపలు పెంచుకోండి."

పొరుగువారిని ఒక్కమాట అడక్కుండా నేల కొన్నవారికి, కొన్న మరునాడే హద్దుల మీద పుట్టుకొచ్చే భక్తి చూస్తే ఒళ్లు మండుతుంది.

ఊరిమండలి కందకం దగ్గరే కూర్చుంది. పాత హద్దు ఎరిగినవాడు, లుబూల్వాకు నేల అమ్మిన కివూవా తాత ఒక్కడే. నిజం చెబితే తనది కాని నేల అమ్మినవాడవుతాడు. నమ్యాలో ఆశ వదులుకునే, పెద్దలకు చేసే మర్యాదగా మోకరిల్లి అతణ్ని పలకరించింది.

"లే పిల్లా, బురద. లువాన్యి నరికేటప్పుడు నన్నెందుకు పిలవలేదు? బుద్ధుందా?"

"తప్పే తాతా."

"బుద్ధి నాకూ లేదులే. అమ్మేటప్పుడు ఆయన నీ కొత్త లువాన్యినే హద్దనుకుంటే, చూసీ చూడనట్టు ఊరుకున్నా. పార ఇటివ్వండి."

ఎగువగట్టున గడ్డి చెక్కాడు. పాత లువాన్యి మోడు, పక్కన రెండు చిగుళ్లు. నాలుగడుగుల అవతల మరొకటి.

"ఇవి మా నాన్నా, నీ మామా కలిసి నాటినవి. సిగ్గు నాది, నేల నీది."

లుబూల్వా వంగి ఆ చిగుళ్లను తడిమి చూశాడు. "గోడ వెనక్కి జరుపుతా. కానీ ముసలాయనా, ఇక మీ దగ్గర కోడిగుడ్డు కూడా కొనను!"

అందరూ నవ్వారు, కివూవా తప్ప.

ఆ వారమే వాన దంచింది. కందకం నిండింది, నిలిచింది, మెల్లగా ఇంకింది. తెల్లారాక నమ్యాలో అన్నిటికన్నా పెద్ద గెల కోసి తలమీద పెట్టుకుని కివూవా గుమ్మంలో దించింది.

"ఒంటిముసలాణ్ని, ఇంత కాయ ఎవరు ఒలుస్తారే?"

"ఒలవడానికేగా తాతా, కత్తి కూడా తెచ్చుకున్నా," అని ఆమె పొయ్యి పక్కన చాప పరిచింది.