ఇంటికి ఒక తాడు

గుండుగొలనుకు దక్షిణాన, కొల్లేటి అంచున ఉన్న ఆ గూడెంలో ఎలీయాజరు మాట మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు. అతను తక్కువ మాట్లాడటం అందుకు ఒక కారణం. రెండో కారణం తాడు.

శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరేసరికి కొల్లేటి నీరు వెనక్కి తగ్గుతుంది. తగ్గిన మేర నల్లటి ఒండ్రునేల బయటపడుతుంది. మళ్ళీ వానలు వచ్చి సరస్సు పొంగేలోగా ఆ నేలలో ఒక వరిపంట తీసుకోవడం గూడెం అలవాటు. ఆ నేల ఎవరి సొంతమూ కాదు కనుక ఏటేటా పంచుకోవాలి. పంచుకోవడానికి వాళ్ళ దగ్గర ఉన్న సాధనం ఒక్కటే, పొడుగాటి కొబ్బరితాడు. ఆ తాడు నేల చుట్టూ తిరిగి వచ్చి మొదట పాతిన గెడకర్ర దగ్గర కలిస్తే, లోపల పడ్డ నేల ఆ ఏడాదికి ఆ ఇంటిది. ఇంటికి ఒక తాడు. సన్నగా పొడుగ్గా పట్టించుకున్నా, వెడల్పుగా పట్టించుకున్నా, మూలలు వంకరపోయినా అది ఆ ఇంటివాళ్ళ ఇష్టం. తాడు ఒకటే కనుక నేలా ఒకటే అని అందరి లెక్క.

ఆ తాడు ఎలీయాజరు తండ్రి చేతిలో ఉండేది. తండ్రి పోయాక గూడెం అతని చేతికిచ్చింది. వానాకాలం చేపలు పట్టి ఏలూరు బజారుకు మోసేవాడు, ఎండాకాలం అందరిలాగే నాట్లు వేసుకునేవాడు. మనిషి పొట్టి, నడక నిదానం. తాడు విషయంలో మాత్రం మహా పట్టుదల. కొలిచే ముందు తాడంతా నీళ్ళలో నానబెట్టేవాడు. కొబ్బరితాడు ఎండితే ఒక పొడుగు, తడిస్తే ఒక పొడుగు. ఒకరికి తడితాడు, ఇంకొకరికి ఎండుతాడు పట్టడం అన్యాయమని అతని నమ్మకం. మధ్యాహ్నం అయ్యేసరికి తాడు ఆరితే కొలత ఆపి మళ్ళీ నానబెట్టేవాడు. ఎండలో నిలబడ్డవాళ్ళు విసుక్కునేవారు గాని లోలోపల సంతోషించేవారు.

అతని అక్క సువార్తమ్మ అదే గూడెంలో ఒంటరిగా ఉండేది. భర్త పోయినప్పటినుంచి నీళ్ళు పారే బోదె గట్టు వెంట సన్నటి పట్టీలా నేల పట్టించుకునేది. పొలానికి నీళ్ళు తోడాలంటే తాళ్ళు కట్టిన బుట్టతో గూడ వెయ్యాలి. గూడకు అటొకరు ఇటొకరు ఇద్దరు మనుషులు కావాలి. ఆమెకు రెండో మనిషి లేదు. బోదె పక్కనే పొడుగ్గా ఉంటే కుండతోనైనా తడుపుకోవచ్చు. అంతా బాగానే ఉంది గాని పంట మాత్రం ఏటా తక్కువే. నూర్పిళ్ళప్పుడు అందరి కుప్పల మధ్యా ఆమెది పిల్లకుప్ప.

"ఆవిడ చెయ్యి మంచిది కాదండీ," అనేవాళ్ళు ఆడవాళ్ళు.

"కలుపు సరిగా తియ్యవక్కా, అందుకే," అనేవాడు ఎలీయాజరు. చాలా ఏళ్ళు అన్నాడు.

పంతొమ్మిదివందల ముప్పై నాలుగులో, నీరు ఇంకా తగ్గుతున్న రోజుల్లో, అతని కూతురు విజయకుమారి మిషన్ బడి నుంచి వచ్చి అరుగు మీద తుంగపుల్లలు విరుచుకుంటూ కూర్చుంది. నాలుగో తరగతి. అన్నీ ఒకే పొడుగున విరిచి, పన్నెండు పుల్లలతో ఒక పెట్టె కట్టింది, పక్కకు మూడు చొప్పున. లోపల ఒక్కో గడికి ఒక చింతగింజ పెట్టింది. తొమ్మిది గింజలు పట్టాయి. అవే పుల్లలు తీసి పొడుగ్గా పేర్చింది, అటు అయిదు ఇటు అయిదు, కొసలకు ఒక్కొక్కటి. అయిదే గింజలు పట్టాయి.

"ఏంటే అది?"

"చుట్టుకొలత, వైశాల్యం నాన్నా. చుట్టూ ఎంతో చుట్టుకొలత. లోపల ఎంతో వైశాల్యం. చుట్టుకొలత ఒకటే ఉన్నా వైశాల్యం మారుద్దంట. సుందరరావు మేష్టారు చెప్పారు."

"పుల్లలు సరిగా విరవలేదు నువ్వు."

"మీరే విరిచి చూడండి."

విరిచాడు. గోటితో కొలిచి మరీ విరిచాడు. తొమ్మిది, అయిదు. చింతగింజలు చిన్నాపెద్దా ఉన్నాయని శనగలు పెట్టాడు. తొమ్మిది, అయిదు. పిల్ల ఆడుకోవడానికి పోయినా అతను అరుగు దిగలేదు.

మర్నాడు చేపల గంపలన్నీ వాకిట్లోకి తెచ్చాడు. ఏలూరు మేదరి అల్లినవి, అన్నీ ఒకే కొలత. తొమ్మిదింటిని మూడు వరసలుగా ఆనించి పెట్టి, చుట్టూ తాడు బిగించి, కలిసిన చోట ముడివేశాడు. ముడి విప్పకుండా తాడు తీసి, గంపల్ని ఒకే వరసలో పెట్టి తొడగబోయాడు. అయిదు గంపలకే తాడు బిగిసింది. నాలుగు బయట మిగిలాయి.

అతను ఆ నాలుగింటి వంక చూశాడు. తాడు వంక చూశాడు. ముడి కదల్లేదు. తాడు తడవలేదు, ఎండలేదు. మరి నాలుగు గంపల చోటు ఎటు పోయినట్టు?

"ఏవండీ, బజారుకెళ్ళే గంపలతో ఈ ఆటలేంటండీ?" అంది భార్య. "మీకేమన్నా గాలి సోకిందా?"

"నాలుగు పట్టట్లేదే."

"పట్టకపోతే పెద్ద తాడు తెచ్చుకోండి. అదీ ఒక వింతేనా?"

ఆమె అన్నది అతని తలకెక్కలేదు. వీపు మీద నీళ్ళు పోసినట్టు ఒక్కటే తోచింది. ఒకే వరసలో ఉన్న ఆ అయిదు గంపలూ అచ్చం బోదె గట్టున అక్క పొలంలా ఉన్నాయి.

సాయంత్రం బడి దగ్గరికి వెళ్ళాడు. సుందరరావు మేష్టారు ఏలూరులో ట్రైనింగ్ అయి వచ్చిన కుర్రవాడు. ఎలీయాజరు చెప్పిందంతా విని పాఠం ఒప్పచెప్పాడు: పొడుగును వెడల్పుతో హెచ్చిస్తే వైశాల్యం.

"అది సరేనండీ మేష్టారూ. అయితే నేను ఇన్నాళ్ళూ కొలిచింది పొలాన్నా, పొలం గట్టునా?"

"గట్టునేనండి."

"మరి అందరికీ సమంగా పట్టాను కదండీ?"

"గట్టు సమంగానే పట్టారు."

"నేలో?"

"ఏవండీ, నేను పుస్తకంలో ఉన్నది చెప్పానండి. మీ గూడెం వంతుల్లో నన్ను ఇరికించకండి. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది."

ఎలీయాజరు ఇంటికి వచ్చాడు గాని ఆ చిక్కు విడలేదు. తాడు ఒకటే అయినప్పుడు అన్యాయం ఎక్కడిది? అన్యాయం లేకపోతే అక్క కుప్ప చిన్నదెందుకు? ఏటేటా తాడు నానబెట్టి తను కాపాడింది దేన్ని? ఒక పూట తనది తప్పనిపించేది. ఒక పూట గంపలదే ఏదో మాయ అనిపించేది.

ఒక సంగతి మాత్రం తేలింది. బోదె గట్టున ఒకే వరసలో తొమ్మిది గంపలు పట్టాలంటే తాడు ఎంత కావాలో కట్టి చూశాడు. ఉన్నదానికి ముప్పాతిక వంతు దాకా అదనంగా కావలసివచ్చింది. తాడు పట్టేవాడు సొంత అక్కకు అంత తాడు అతికితే లోకం ఏమంటుందో చెప్పడానికి ఏ మేష్టారూ అక్కర్లేదు. అతకకపోతే, తెలిసీ అక్క నేల కొట్టేసినవాడవుతాడు. పేరు నిలుపుకోవాలా, అక్క వంతు నిలపాలా? రెండూ కుదిరే దారి అతనికి కనపడలేదు.

కొలతల రోజున, తాడు తీసే ముందు, గంపలు మోసుకొచ్చి అందరి ఎదుటా పేర్చి చూపించాడు. తొమ్మిది పట్టాయి. తరవాత అయిదు పట్టాయి. జనం ఆసక్తిగానే చూశారు. గారడీవాణ్ణి కూడా అలాగే చూస్తారు.

సత్తిరాజు నోరున్న మనిషి. ఏటా మెరకన వెడల్పాటి నేల పట్టించుకునేవాడు. ఎవర్నీ మోసం చెయ్యలేదు. అతని ఇంట్లో గూడ వెయ్యడానికి మగపిల్లలున్నారు, అంతే.

"గంపలు గుండ్రంగా ఉంటాయయ్యా ఎలీయాజరూ," అన్నాడు. "నేల గుండ్రంగా ఉందా?"

అందరూ నవ్వారు. ఎలీయాజరు ఆలోచనలో పడ్డాడు. నిజమే, గంపలు గుండ్రమే.

"పుల్లలతో చూసినా అంతేనండీ," అన్నాడు చివరికి.

"మీ నాన్న పుల్లలతో కొలిచాడా, తాడుతో కొలిచాడా?"

"తాడుతోనేనండీ."

"మరి పట్టు తాడు. ఎండెక్కుతోంది."

పట్టాడు. ఒక్కొక్క ఇల్లూ అయింది. సువార్తమ్మ వంతు వచ్చింది. ఎప్పటిలాగే బోదె గట్టున నిలబడి, "ఇక్కణ్ణించి పట్టరా ఎలీయా," అంది.

అతను తాడు కొస నేల మీద పెట్టి, పడవలోంచి తన లంగరుతాడు తెచ్చి, అందరూ చూస్తుండగా ముడివేశాడు.

ముందు తేరుకున్నది సత్తిరాజు. "ఏ ఇంటికీ లేని ముడి మీ అక్క ఇంటికేంటి?"

"పొడుగ్గా పడితే నేల తగ్గుద్దండీ. తగ్గినంతా కలపాలంటే..."

"తగ్గుద్దా? మాకెప్పుడూ తగ్గలేదే!"

"మీరు పొడుగ్గా పట్టించుకోరు కదండీ."

"ఎవరు వద్దన్నారు మీ అక్కని, వెడల్పుగా పట్టించుకోమను! బోదె గట్టంతా ఆవిడకే రాసిస్తే వెనకవాళ్ళు నీళ్ళకి ఎటు పోవాలి?"

వెనకవాళ్ళ నీళ్ళ సంగతి ఎలీయాజరుకు అంతవరకూ తట్టనేలేదు. సత్తిరాజు అన్నది న్యాయమే అనిపించింది. తను చేస్తున్నదీ న్యాయమే అనిపించింది. రెండు న్యాయాలు ఒకే గట్టు మీద ఎలా నిలబడ్డాయో అర్థం కాలేదు.

"ఒరే, ఆ ముడి విప్పరా," అంది సువార్తమ్మ సన్నగా. "నా మొహాన ఉమ్మేస్తారు రేపు. నాకొద్దు ఆ నేల."

"విప్పనక్కా."

తాడు లాక్కుంటూ నడిచాడు. గెడలు తనే పాతాడు. ఒక్కసారి పాతిన గెడను మళ్ళీ నీరు వచ్చేదాకా పీకకూడదని కట్టడి ఉండబట్టి సత్తిరాజైనా వాటిని ముట్టుకోలేదు. తాడు మాత్రం అతని చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ ఏడు సువార్తమ్మ కుప్ప మిగతావాళ్ళ కుప్పలతో సమానమైంది. ఆమె చెయ్యి మంచిదైందని ఎవరూ అనలేదు. అక్కాతమ్ముళ్ళు కలిసి గూడేన్ని మింగారన్నారు. ఆదివారం గుడిలో ఎలీయాజరు పక్కన చాప ఖాళీగా ఉండేది. సువార్తమ్మ తమ్ముడితో మాట్లాడటం మానేసింది. "కడుపు నిండింది గాని తలెత్తుకోలేకపోతున్నా," అని మరదలితో కబురంపింది. ఎలీయాజరుకు అది దీవెనో శాపమో తెలియలేదు.

మరుసటి ఏడు తాడు తాతాజీ చేతికి వెళ్ళింది. తాతాజీ నెమ్మదస్తుడు, అందరికీ కావలసినవాడు. నానబెట్టడం మరిచిపోతే ఎవరో గుర్తు చేశారు. ఎలీయాజరు మిగతావాళ్ళతోపాటు ఎండలో నిలబడి తన వంతు కోసం చూశాడు.

మొదటి వంతు సత్తిరాజుది. "మూలలు సరిగ్గా చూసి, నాలుగు పక్కలా సమంగా పట్టు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. తరవాతివాడూ నాలుగు పక్కలా సమంగానే పట్టమన్నాడు. ఆ తరవాతి ఇల్లూ అంతే. గంపల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎలీయాజరు వాళ్ళ మొహాలు మార్చి మార్చి చూశాడు. తను చెప్పింది నిజమైతే తాడు ఎందుకు లాక్కున్నారు? అబద్ధమైతే అందరూ నలుచదరం ఎందుకు కోరుతున్నారు?

సువార్తమ్మ వంతు వచ్చింది. "మీకెలాగండీ? బోదె గట్టునేనా?" అన్నాడు తాతాజీ, తాడు వదులు చేస్తూ.

ఆమె బోదె వైపు చూసింది. మెరక వైపు చూసింది. ఇక్కడైతే నీళ్ళున్నాయి, నేల లేదు. అక్కడ నేల ఉంది, నీళ్ళు లేవు. ఏడాది తరవాత మొదటిసారి తమ్ముడి మొహం చూసింది. "ఏం చెయ్యనురా?"

ఎలీయాజరుకు తెలిస్తేగా. గంపలు, పుల్లలు, గట్టు, తడితాడు, ఎండుతాడు అన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. వాటిలో ఏదీ ఆమె అడిగినదానికి జవాబు కాదు.

"నలుచదరంగా పట్టించుకోక్కా," అన్నాడు. "గూడకి రెండో మనిషిని నేనొస్తా."

సువార్తమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఇన్నేళ్ళూ ఏం చేశావురా?"

"తాడు పట్టానక్కా."

ఆమె బోదె గట్టు దిగి మెరకకు నడిచింది. తాతాజీ మొదటి గెడ పాతాడు.