లచ్చక్క చేని మట్టి

ఆ వార్త మొదట మా ఇంటికి తెచ్చింది పాలు పోసే రాజవ్వ. ఆమె తప్పేమీ లేదు. విన్నది చెప్పింది, అంతే. విన్నదాన్ని పట్టుకుని నేను చేసిన పని పదకొండేళ్లుగా నా ఛాతీ మీద బండలా ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను బడికి పోలేదు. మా నాయన వాకిట్లో ఇసుక పోసి వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. దేవుడి పాటలు రాసుకోవడానికి తప్ప ఆ అక్షరాలను ఇంతవరకూ వాడలేదు. ఇవాళ దీనికి వాడుతున్నాను.

అప్పుడు గోదావరిఖనిలో క్వార్టరులో ఉండేవాళ్లం. మా ఆయనది బొగ్గు బాయిలో డ్యూటీ. ఊళ్లో మా మామ పంచిన మూడెకరాలు ఉండేవి. పైన ఎకరంన్నర మాది, రాళ్ల చెలక. కింది ఎకరంన్నర మా బావది. బావది అంటున్నాను గానీ ఆ భూమిని చేసింది ఆయన భార్య లచ్చక్క, నా తోటికోడలు. ఎండాకాలం చెరువు మట్టి తెచ్చి పోసేది. గొర్ల మందను బతిమాలి తన చేనులో పండబెట్టించేది. పత్తికట్టెను అందరిలా కాల్చేది కాదు, ముక్కలు చేసి మట్టిలో కలిపేది. అట్లా ఇరవై ఏళ్లు చేస్తే ఆ మట్టి చేతిలో పట్టుకుంటే సద్దిముద్దలా ఉండేది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో రాజవ్వ గడపలో చెంబు పెట్టి, "ఓ చెల్లె, గింకా దేవునికి పూలే ఏరుతున్నవా? మీ ఊరి చేన్లన్ని ఓపెన్ కాస్టుల పోతున్నయట. జల్ది పోయి మీ మన్నుకు గూడ ఓ దండం పెట్టి రా!" అని నవ్వింది.

నేలంతా పైనుంచి తవ్వే బొగ్గుగనికి మా భూములు పోతాయన్న ఆ మాట ఊరంతా పాకింది. ఎట్లాగూ పోయే భూమి అనుకుంటే మనిషి ఎంత మారిపోతాడో అప్పుడు చూశాను. గట్లు వేసుకోవడం మానేశారు. గట్ల మీది చెట్లు కొట్టుకున్నారు. చేని మీది మట్టిని ట్రాక్టర్లకెత్తి ఇండ్ల పెరళ్లకు తోలుకున్నారు. కానీ వాళ్లు తోలుకున్నది వాళ్ల మట్టి.

మా క్వార్టరు పెరడంతా మొరం, గట్టి గులకరాళ్ల నేల. మందారం పెడితే నెలకు ఎండిపోయేది. పూజకు నాలుగు పూలు నా చేతులతో పెంచుకోవాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఆశ. దేవుడి పని కదా అని మనసుకు చెప్పుకున్నాను. దేవుడి పేరు పెట్టుకుంటే ఏదైనా చేయొచ్చనుకున్నానా? అనుకున్నాను. అబద్ధం ఆడను.

అప్పటికి బావకు ఒంట్లో బాగాలేక లచ్చక్క ఆయనను పట్నం దవాఖానకు తీసుకుపోయి నెల దాటింది. ఫోన్లో భూముల సంగతి చెబితే, "పోయేనాడు పోతది చెల్లె. గప్పటిదాక పండాలె గద" అంది. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది, అడిగితే ఒప్పుకోదని. అందుకే అడగలేదు. మా ఆయనతో మాత్రం "అక్కను అడిగిన, తీసుకొమ్మన్నది" అన్నాను. ఆయన మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

మందమర్రి నుంచి ట్రాక్టరు మాట్లాడాను. అది చేనులోకి దిగడానికి దారి లేదు. లచ్చక్క గట్టును ఒకచోట తెగ్గొట్టించాను. నాలుగు ట్రిప్పులు. గట్టు వెంబడి జానెడు లోతు తీశారు. ఊళ్లో అందరూ తోలుతున్న రోజులు, పక్కనే మా చెలక కాబట్టి మా మట్టే అనుకున్నారేమో, ఎవరూ ఏమీ అడగలేదు. తెగిన గట్టును మళ్లీ పూడ్పించాలని కూడా నాకు తోచలేదు. పోయే భూమికి గట్టెందుకు? ఆ వారమే పెద్ద వాన పడింది. ఆ సందులోంచి మిగిలిన మట్టి కూడా కింది వాగులోకి, ఒర్రెలోకి పోయింది. ట్రాక్టరు జాడలు కూడా పోయాయి.

బావ బతకలేదు. గని హద్దు ఇంకో దిక్కుకు జరిగింది. మా ఊరి భూములు పోలేదు.

దినాలు అయ్యాక లచ్చక్క చేనుకు బయలుదేరింది. తోడుగా నేను పోయాను. చేని ఒడ్డు మీద ఆగిపోయింది.

"చెల్లె, గిదేంది? మొరం తేలిందేంది?"

నేను నేల చూశాను. "వాన అక్కా. ఈసారి బాగ కొట్టింది. గట్టు తెగి మన్నంత ఒర్రెల వడ్డది."

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించినా బాగుండేది. తెగిన చోట కూర్చుని చేత్తో తడిమింది. "తెగదా మరి? రెండు నెలలు మొఖం చూపకపోతిని. మీ బావ మంచం కాడనే కూసుంటి. ఒక్కపారి వచ్చి ఓ తట్టెడు మన్నేసి పోతే అయిపోతుండె. నా చేతులార పోగొట్టుకుంటి చెల్లె."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఊకో అక్కా" అన్నాను.

నేను తీసింది మట్టి ఒక్కటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. మొగుడి చివరి రోజుల్లో ఆయన పక్కన కూర్చున్నదాన్ని ఆమె తన తప్పుగా పెట్టుకునేలా చేశాను. ఆ రెండు నెలలు ఆమెకు మిగలాల్సినవి. వాటిని కూడా నేనే తవ్వుకుపోయాను.

తర్వాతి ఏళ్లలో ఆమె ఏం చేసిందో ఊరంతా చూసింది. మా చెలకలోని రాళ్లనే అడిగి తీసుకుని, తట్టలతో మోసి, వాలుకు అడ్డంగా మూడు వరుసల రాతిగట్టు కట్టింది. అడిగింది మరి, నన్ను అడిగింది! గట్టు మీద గడ్డి నాటింది. ఏటా మట్టి బలానికి జనుము చల్లి, పూతకు రాగానే దున్నించింది. నేనూ పోయి రాళ్లు అందించాను. "నీ రుణం తీర్చుకోలేను చెల్లె" అనేది. నేను రాయి అందుకునే నెపంతో వంగేదాన్ని, ముఖం కనబడకుండా. ఆ మోతకు ఆమె మోకాళ్లు పోయాయి. ఇప్పుడు కర్ర లేకుండా నడవలేదు.

పూలు బాగానే పూశాయి. ఎందుకు దాచాలి? రోజూ కోసి దేవుడి పటం ముందు పెట్టాను. నా దేవుడు వాటిని తీసుకున్నాడో లేదో అడిగే ధైర్యం రాలేదు. మా ఆయన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వచ్చేశాం. తర్వాత ఉన్నవాళ్లు పెరడంతా సిమెంటు చేయించారు. తిరిగి ఇద్దామన్నా ఆ మట్టి ఇక లేదు.

మొన్న పక్క ఊళ్ల ఆడవాళ్లు కొందరు ఆమె చేను చూసి నేర్చుకుందామని వచ్చారు. నేను చల్ల గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. ఇంత ఓపిక ఎట్లా వచ్చిందని ఒక పిల్ల అడిగింది. "ఓపిక గాదు బిడ్డా, సిగ్గు" అంది లచ్చక్క. "నేను చూడక పోయిన మన్నిది. మీరట్ల చెయ్యకుండ్రి." అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆ తల ఊపడం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెకు చదవడం రాదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, ఆ ఎవరో నేనే కావాలి. ఇంకా వినిపించలేదు. ఈ కాగితం పట్టుకుని రెండుసార్లు ఆమె వాకిలి దాకా పోయి తిరిగి వచ్చాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. దాచింది ఒక్కసారి అక్షరాల్లోకి వచ్చింది. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మేరకు దేవుడికి దండం.

నన్ను మరిచిపోండి. లచ్చక్కను మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ఆమె పేరెత్తి నిర్లక్ష్యం వల్ల భూమి పోగొట్టుకుందని అంటే, కాదనండి. ఆమె గట్టు వానకు తెగలేదని చెప్పండి. ఆ రెండు నెలలు ఆమె ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చెప్పండి.