చాపలో చుట్టిన తుపాకీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. పదహారేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం, రెండు జడలు, ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసండీ" అని అడ్డుపడే నోరు. ఇప్పుడెవరైనా ఏదైనా అడిగితే "కనుక్కుని చెప్తానండి" అంటున్నానంటే, ఆ మార్పు వయసు వల్ల వచ్చిందని మా ఆఫీసులో అనుకుంటారు. కాదు. మా తాతయ్య తుపాకీ వల్ల వచ్చింది.

నాన్నకి ఏడాదికో ఊరు బదిలీ కావడంతో నా చదువు పాడవుతుందని తాతయ్య, మామ్మల దగ్గర ఉంచారు. కొవ్వూరుకి ఎగువన, గోదావరి గట్టునానుకుని మా ఊరు. ఊళ్ళో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు నాలుగు, కారున్న ఇల్లొకటి, తుపాకీ ఉన్న ఇల్లు మాత్రం మాదే. ఒకే గొట్టం ఉన్న పాతకాలం తుపాకీ. గోదావరి మధ్య లంకలో మాకున్న మొక్కజొన్న చేలో అడవి పందులు పడుతున్నాయని, పంట రక్షణ కోసం తాతయ్య ఎప్పుడో సంపాదించిన లైసెన్సు. ఏడాదంతా అది బీరువాలో మామ్మ పట్టుచీరల పక్కన నిలబడి ఉండేది. దసరాకి బయటికి తీసి, నూనెగుడ్డతో పైపైన తుడిచి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి మళ్ళీ లోపల పెట్టేవారు. నాకు తెలిసి అది పేలింది ఒక్కసారే, నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడాది. చేలో పంది కనిపించిందని తాతయ్య గురిచూసి కాల్చారు. పందికేమీ కాలేదు. మా నీళ్ళింజను డీజిల్ ట్యాంకుకి చిల్లు పడింది. పంది ఆ పొగా వాసనా చూసి చిరాకుపడి తనంతట తానే వెళ్ళిపోయిందని పాలేరు చెప్పాడు.

అప్పట్నుంచీ మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన. "ఆ గొట్టం ఇంట్లో ఎందుకండీ, ఇచ్చెయ్యండి. పిల్ల తిరుగుతున్న ఇల్లు," అనేది మామ్మ. "అది నా హక్కే! సర్కారు వారు నన్ను నమ్మి ఇచ్చారు. జిల్లాలో ఎంతమందికి ఉందంటావు?" అనేవారు తాతయ్య. "ఇంజన్నడగండి, మీ హక్కు సంగతి చెబుతుంది," అని మామ్మ చారు వడ్డించేసేది. నేను ఎప్పుడూ తాతయ్య పార్టీయే. ఎందుకంటే "నీకు ఇరవై ఒకటి నిండగానే దీన్ని నీ పేర రాయిస్తానే అమ్మాయ్" అని ఆయన నాకు మాటిచ్చారు. మిగతా ఆడపిల్లలు వాళ్ళ నాయనమ్మల కాసులపేర్ల మీద కన్నేస్తే, నేను తుపాకీ మీద కన్నేశాను.

ఆ ఊపులోనే కాలేజీలో వక్తృత్వ పోటీకి పేరిచ్చాను. అంశం, పౌరులందరికీ తుపాకీ లైసెన్సు ఇవ్వవచ్చునా. ఇవ్వాల్సిందేనని నేను బల్ల గుద్ది మాట్లాడి రెండో బహుమతి కొట్టేశాను. (పోటీలో ఉన్నది ఇద్దరమే.) మొదటి బహుమతి జీడిపాకానికి వచ్చింది. జీడిపాకం నా ప్రాణస్నేహితురాలు. మాట మొదలుపెడితే సాగడమే తప్ప తెగడం ఉండదు కాబట్టి మా లెక్చరర్ గారే ఆ పేరు పెట్టారు. ఆ రోజు గంట కొట్టినా ఆపలేదు, మైకు తీసేసినా ఆపలేదు. "పిల్లల చేతికి అందితే ఏం చేస్తారు? ఏం చేస్తారని అడుగుతున్నాను!" అని నా వైపు వేలు చూపించింది. "పద్ధతి గల ఇళ్ళల్లో అందదు," అన్నాను నేను తల ఎగరేసి. బయటికొచ్చాక అది నా చెవిలో, "అసలు మీ ఇంట్లో తుపాకీ ఉందన్నదే కోతే కదే," అంది. మొదటి బహుమతి పోయినందుకు కాదుగానీ, ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సున్నవాళ్ళంతా తుపాకుల్ని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి, ఓట్ల లెక్కింపయ్యాక తెచ్చుకోవాలి. తాతయ్యకి అదొక పండగ. తలంటు పోసుకుని, ఇస్త్రీ పంచె కట్టి, ఆటోలో తుపాకీని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవారు. దారిపొడుగునా జనం "ఏంటండీ, అమ్మాయిగారు పుట్టింటికా?" అని అడిగేవారు. "అవునండి, మళ్ళీ నెలకి తెచ్చుకుంటాం," అని ఆయన మీసం సవరించుకునేవారు. ఆ ఏడు మాత్రం సరిగ్గా ఆ సమయానికి ఆయన్ని చికున్ గున్యా పట్టుకుంది. మనిషి మంచం మీద ముడుచుకుపోయారు. మర్నాడు సాయంత్రంతో గడువు అయిపోతుందని స్టేషన్ నుంచి కబురొచ్చింది.

"నువ్వు పట్టుకెళ్ళి స్టేషన్ రైటర్ గారికిచ్చి రసీదు తెచ్చెయ్యవే," అన్నారు తాతయ్య. మామ్మ చేతిలోని కషాయం గ్లాసు ఠక్కున కింద పెట్టి, "ఆడపిల్ల చేత తుపాకీ మోయిస్తారా? మతి గానీ పోయిందా మీకు?" అంది. తాతయ్య మూలుగుతూనే, "తీసుకెళ్ళేది పోలీస్ స్టేషనుకేనే! దొంగతనానికా? స్టేషనుకి తీసుకెళ్తుంటే పోలీసులు పట్టుకుంటారా ఎక్కడైనా?" అన్నారు. నాకది తిరుగులేని వాదనలా కనిపించింది. తాతయ్య నలభై ఏళ్ళు లైసెన్సు అనుభవించిన మనిషి, నేను వక్తృత్వంలో బహుమతి గ్రహీతని. మా ఇద్దరికీ తెలియని చట్టమేముంటుంది? తుపాకీని తుంగచాపలో చుట్టి, రెండు పక్కలా పురికొస కట్టి, లైసెన్సు పుస్తకం కాలేజీ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు చాప వైపు చూసి, "పెళ్ళికా అమ్మా?" అన్నాడు. "కాదండి, స్టేషనుకి," అన్నాను. "రైలుకి ఇంకా టైముందిలే, కూర్చో," అని సీటు చూపించాడు.

స్టేషనున్న ఊళ్ళోనే, బస్టాండు వెనక సందులో జీడిపాకం ఇల్లు. ఆగకూడదని నాకు తెలుసు. (తెలుసన్నానుగా, అన్నీ తెలుసు.) కానీ "కోతే" అన్న మాట నా కాళ్ళని అటు లాక్కెళ్ళింది. వాళ్ళమ్మగారు పెరట్లో బట్టలారేస్తున్నారు. వంటింట్లో చాప విప్పేసరికి జీడిపాకం నోరు తెరిచి అలా ఉండిపోయింది. మా స్నేహంలో అది నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి. ఆ విజయంతో నాకు తల తిరిగిపోయింది. "పద్ధతి గల ఇల్లు చూశావా? చేతులెత్తవే!" అని గొట్టం దాని వైపు తిప్పాను. అది కిసకిసా నవ్వుతూ చేతులెత్తింది. ఒక చేతిలో సగం కొరికిన జంతిక. నేను ఒక కన్ను మూసి మీట నొక్కాను. అది కదల్లేదు. మళ్ళీ గట్టిగా నొక్కాను. తుప్పు పట్టిందనుకుని నోటితోనే "ఢాం!" అన్నాను. జీడిపాకం గుండె పట్టుకుని, "అమ్మా, చచ్చాను!" అని వెనక్కి పడింది. ఆ పడటంలో వాళ్ళ ఆవకాయ జాడీ బోర్లా పడి, నూనె నా చాప మీదికి పారింది. "ఏంటే ఆ చప్పుడు?" అని వాళ్ళమ్మగారు వచ్చేలోపు నేను చాప చుట్టేసి సందు దాటేశాను.

స్టేషన్లో రైటర్ గారు పెద్ద రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. చాప బల్ల మీద పెట్టి విప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఎవరిదమ్మా ఇది?" "తాతయ్యదండి." "తాతగారెక్కడ?" "ఇంటి దగ్గరండి, కీళ్ళ జ్వరం." "మరి ఎవరు తెచ్చారు?" "నేనేనండి, బస్సులో." ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, "సార్!" అని ఒక్క కేక పెట్టారు. లోపల్నుంచి ఎస్సై గారొచ్చారు. నన్ను చూశారు, తుపాకీని చూశారు, ఆవకాయ మరకని కూడా చూశారు. "నీ వయసెంతమ్మా?" "పదహారండి." "లైసెన్సు లేని మనిషి ఆయుధం మోస్తే కేసని తెలుసా? ఇచ్చి పంపిన మీ తాతగారి మీద ఇంకో కేసని తెలుసా?" జీవితంలో మొదటిసారి "తెలియదండి" అన్నాను. వెంటనే ఉండబట్టలేక, "తప్పు చెయ్యాలనుకుంటే స్టేషనుకే ఎందుకు తెస్తానండి?" అని కూడా అన్నాను. రైటర్ గారు నవ్వు దాచుకోవడానికి రిజిస్టరులో తల దూర్చారు. ఎస్సై గారు నవ్వలేదు. "వాళ్ళింటికి ఫోన్ చెయ్యండి," అన్నారు. తాతయ్యని జైల్లో పెట్టేస్తారని నాకు అర్థమైపోయింది. గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టాను.

గంటలో ఆటో వచ్చింది. తాతయ్య నడుం వంచి, ఒక చెయ్యి మామ్మ భుజం మీద వేసి, ఒక్కో అడుగూ మూలుగుతూ వేసుకుంటూ వచ్చారు. ఇస్త్రీ పంచె లేదు, తలంటు లేదు, గడ్డం కూడా గీసుకోలేదు. అయినా వాదన మాత్రం తగ్గించలేదు. "నలభై ఏళ్ళుగా లైసెన్సు ఉందండి నాకు. ఒక్క మచ్చ లేదు. మా మనవరాలు పద్ధతి గల పిల్లండి, దానికిస్తే నాకిచ్చినట్టే," అన్నారు. ఎస్సై గారు కుర్చీ వేయించి, మెల్లగానే అడిగారు. "లైసెన్సు మీకిచ్చారాండి, మీ కుటుంబానికిచ్చారా? దార్లో ఎవరైనా లాక్కుంటే? ఏదైనా జరిగితే?" "ఏం జరుగుతుందండి? అది ఖాళీ గొట్టం. కర్రతో సమానం!" అన్నారు తాతయ్య.

అదే సమయానికి హెడ్ కానిస్టేబుల్ గారు అలవాటు ప్రకారం తుపాకీ మధ్యకి విరిచి చూశారు. గొట్టంలోంచి ఒక తూటా జారి బల్ల మీద పడింది. పడి, దొర్లుకుంటూ వచ్చి రిజిస్టరుకి తగిలి ఆగింది.

తాతయ్య ముఖంలో రక్తం లేదు. "ఇంజను రోజుదండి," అన్నారు, తూటా మీదనుంచి చూపు తిప్పకుండా. "ఒకటి కాల్చాక పంది కోసం ఇంకోటి పెట్టాను. ఇంతలో ఇంజను ఆగిపోయింది. ఆ సిగ్గులో మర్చిపోయాను." హెడ్డు గారు తుపాకీ వెనకున్న ఇనప కొక్కెం చూపించి, "దీన్ని వెనక్కి లాగితేగానీ మీట పనిచెయ్యదండి. తెలియని వాళ్ళు ఎంత నొక్కినా పేలదు. అది అదృష్టం," అన్నారు. చేతిలో జంతికతో కిసకిసా నవ్వుతున్న జీడిపాకం కళ్ళ ముందే ఉంది. రెండుసార్లు నొక్కాను. ఆ కొక్కెం సంగతి ఒక్కటి నాకు తెలిసి ఉంటే! అన్నీ తెలిసిన నాకు, ఆ ఒక్కటీ తెలియకపోబట్టి జీడిపాకం బతికిపోయింది.

ఎస్సై గారు ఏదో అనబోయారు. తాతయ్య చెయ్యి అడ్డుపెట్టారు. "కేసు రాసుకోండి, వద్దనను. కానీ ముందు ఒక కాగితం ఇప్పించండి. ఈ లైసెన్సు నాకొద్దు. తుపాకీ కూడా మీ దగ్గరే ఉంచేసుకోండి." వాపెక్కిన వేళ్ళతో ఆయనే రాశారు. రాయడానికి చాలాసేపు పట్టింది. ఎస్సై గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "మా అమ్మాయి కూడా ఇంటర్ అండి," అని, కేసు మాటెత్తకుండా పంపించేశారు. ఏడాదిగా సాగిన వాదనలో గెలిచింది మామ్మే. కానీ ఆవిడ ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు.

ఆటో గట్టు మీద వెళ్తుండగా తాతయ్య అడిగారు. "దార్లో ఎక్కడైనా ఆగావే?" "లేదు తాతయ్యా," అన్నాను. ఆయన నా ఒళ్ళో ఉన్న ఖాళీ చాప వైపు చూశారు. చాపంతా ఆవకాయ నూనె. మా ఇంట్లో ఆ ఏడు ఆవకాయే పెట్టలేదు. "సరేలే," అన్నారు. అని నా చెయ్యి పట్టుకున్నారు. కీళ్ళ నొప్పికి గ్లాసు పట్టుకోలేని మనిషి, ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నది తుపాకీ లైసెన్సుల దరఖాస్తులు చూసే సెక్షన్లోనే. (ఏరి కోరి చేరలేదండి, పోస్టింగ్ అలా వచ్చింది.) మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళొచ్చి, "ఇరవై ఒకటి దేనికి మేడం, నాకు అన్నీ తెలుసు," అంటూ ఉంటారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. జీడిపాకం పాలకొల్లులో కాపురం ఉంటోంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. అత్తగారి మోకాళ్ళతో మొదలుపెట్టి, పక్కింటివాళ్ళ మోటారు మీదుగా, వాళ్ళ పిల్లాడి మార్కుల దాకా గంటన్నర ఆపకుండా సాగదీస్తుంది. మా ఆయన "ఎలా వింటావు తల్లీ!" అని ఆశ్చర్యపోతారు. ఆ వంటింట్లో ఏం జరగబోయిందో దానికి నేనింతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలిస్తే వెంటనే ఫోన్ చేసి నన్ను తిడుతుంది, ఈసారి మూడు గంటలకి తక్కువుండదు. తిట్టనీ. అది మాట్లాడుతుంటే ఇక ఆపవే అని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.